తెల్లరాయి ఉంటేనే దారి

పొద్దున్నుంచి అది మూడో కుప్ప. అతను దాన్ని కాలితో తన్నలేదు. తన్నితే రాళ్ళన్నీ ఒకే చోట పడతాయి, మళ్ళీ ఎవడో పేరుస్తాడు. ఒక్కో రాయినీ ఎత్తి ఒక్కో దిక్కుకి విసిరాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకుని, సున్నం డబ్బా అందుకుని ముందుకు నడిచాడు.

ఆ రక్షిత ఎడారిలో నడకదారి తొమ్మిది కిలోమీటర్లు, చుట్టు తిరిగి గేటు దగ్గరికే వస్తుంది. ఇసుకలో దారి నిలవదు. రాత్రి గాలి వీస్తే తెల్లారేసరికి అడుగుజాడ ఉండదు. అందుకే రెండువందల అడుగులకొక రాళ్ళ కుప్ప, దాని పైరాయికి సున్నం. పైన తెల్లరాయి ఉంటే దారి. లేకపోతే ఎవరో సరదాకి పేర్చి, పక్కన నిలబడి ఫొటో దిగిపోయిన కుప్ప. ఈ సంగతి గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంది. ఆ బోర్డుకి ఆనుకుని కూడా ఫొటోలు దిగుతారు. చదివినవాణ్ణి మాత్రం అతను ఇరవై ఆరేళ్ళలో చూడలేదు.

అందరూ అతన్ని సున్నం బాబాయ్ అంటారు. పొట్టి మనిషి. గోళ్ళ చుట్టూ ఎన్నటికీ వదలని తెలుపు. వేలు ఒరుసుకుంటోందని కుడి బూటుకి చిటికెనవేలు దగ్గర తనే కోసుకున్న కన్నం.

పొద్దున బయల్దేరుతుంటే భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“కనపడ్డ రాయికల్లా సున్నం కొడతావు. మన ముందుగది గోడ ఏం పాపం చేసింది?”

“ఇవాళ డబ్బాలో మిగిలింది తెస్తాలే.”

“ఆ మాట విని విని గోడ కూడా నవ్వుతోంది. పెచ్చులూడేది అందుకే.”

ఈసారి నిజంగానే తేవాలనుకున్నాడు. ఒక గోడకి సరిపడా ఎక్కువే కలిపాడు.

వెనకవైపు సగం దారి చూసుకుని గేటుకి తిరిగొచ్చేసరికి పదిన్నర. రేకుల గదిలోంచి టికెట్లమ్మాయి తల బయటపెట్టింది.

“బాబాయ్, ఏడింటికి ఇద్దరెళ్ళారు. మొగుడూ పెళ్ళాం. నీకు ఎదురుపడ్డారా?”

“లేదే. నీళ్ళెన్ని పట్టుకెళ్ళారు?”

“చిన్న సీసాలు రెండు. గొడుగు మాత్రం పెద్దదే.”

అతను నవ్వలేదు. గట్టు గుర్తొచ్చింది.

నిన్న సాయంత్రం గట్టు మీద, ఎండువాగులోకి దిగే మలుపులో, సున్నం లేని నడుమెత్తు కుప్ప కనిపించింది. ముప్పై అడుగులు ఎక్కితే చాలు. కానీ ఎడమచెయ్యి భుజం దాకా లాగుతోంది. రేపు చూద్దాంలే అనుకుని వచ్చేశాడు. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

ఎనిమిదేళ్ళ కిందట ఇలాంటి కుప్పనే నమ్మి ఒకతను ఆ వాగులోకి దిగాడు. నాలుగో రోజు కనుక్కున్నది ఇతనే. చనిపోయినతను బూట్లు విప్పి, ఇంట్లో విడిచినంత పొందిగ్గా పక్కన పెట్టుకుని పడుకున్నాడు. “రాళ్ళు చూసి ఎవడన్నా చస్తాడా?” అన్నాడు ఆఫీసరు. కాగితంలో వడదెబ్బ అని రాశాడు.

నాలుగు సీసాల నీళ్ళు సంచిలో వేసుకున్నాడు. డబ్బా కూడా తీసుకున్నాడు. అది లేకుండా లోపలికి వెళ్ళడం చేతికి అలవాటు లేదు.

గట్టు ఎక్కేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది. కుప్ప అక్కడే ఉంది. దాన్ని దాటి రెండు జతల అడుగులు వాగులోకి దిగాయి. కుప్ప పని వచ్చేటప్పుడు చూసుకోవచ్చు. డబ్బా అక్కడే దించి, దిగాడు.

అర కిలోమీటరు లోపల, ఒక బండ నీడలో దొరికారు. గొడుగు విరిగింది. ఆమె పెదవులు పగిలి ఉన్నాయి, నోరు మాత్రం ఎండిపోలేదు.

“ఇటే ఇటే అని లాక్కొచ్చాడండీ ఈ మహానుభావుడు!”

“నువ్వేగా రాళ్ళు కనిపిస్తున్నాయన్నావు?”

“గుక్కెడు గుక్కెడుగా తాగండి. పోట్లాట గేటు దగ్గర పెట్టుకోవచ్చు,” అన్నాడతను.

తను తాగలేదు. నాలుగు సీసాలూ వాళ్ళకే అయిపోయాయి.

పైకి ఎక్కేటప్పుడు ఆమె అడిగింది. “మేం ఎక్కడ తప్పామండీ?”

నిన్న నేను ముప్పై అడుగులు ఎక్కలేదమ్మా అని చెప్పాలి. అతను ఖాళీ సంచి భుజానికి సర్దుకున్నాడు.

“ఎండకి కళ్ళు బైర్లు కమ్ముతాయమ్మా. ఎవరికైనా అంతే.”

గట్టు మీద ఆగి, కింద వరసగా మెరుస్తున్న తెల్లరాళ్ళు చూపించాడు. “ఒకదాన్నుంచి ఒకదానికి వెళ్ళండి. గేటు వస్తుంది.”

“మీరు రారా?” అన్నాడు భర్త.

“నాకిక్కడ పనుంది.”

వాళ్ళు మూడో తెల్లరాయి దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, అతను వంగి రాయి ఎత్తుతూ కనిపించాడు. ఐదో రాయి దగ్గర చూస్తే కూర్చుని ఉన్నాడు. అలసిపోయాడు పాపం అనుకున్నారు.

మూడింటికి కూడా అతను రాకపోయేసరికి టికెట్లమ్మాయి ఇద్దరు కాపలావాళ్ళని పంపింది. చోటు చూపిస్తామని భార్యాభర్తలు కూడా బయల్దేరారు. అప్పటిదాకా గేటు నీడలో కూర్చున్నారు, కదల్లేదు.

సగం కుప్పకి వీపు ఆనించి కూర్చున్నాడతను. ఒళ్ళో ఒక రాయి. రెండు చేతులూ దాని మీదే ఉన్నాయి. పక్కన మూత తియ్యని డబ్బా, దాని మీద కుంచె.

కాపలావాళ్ళు అతన్ని స్ట్రెచర్ మీదకి ఎక్కించి, మొహం మీద తువ్వాలు కప్పి దిగిపోయారు. భార్యాభర్తలు ఆగారు. ఆమె ఏడుస్తోంది.

“మనల్ని పంపించి, పని చేసుకుంటూ పోయాడండీ. పొద్దున చూసిన కుప్పే, చెదిరితే మళ్ళీ పేరుస్తున్నట్టున్నాడు, సగంలోనే ఉండిపోయింది.”

“పూర్తి చేద్దాం,” అన్నాడు భర్త. ఆ రోజంతటిలో వాళ్ళిద్దరికీ మాట కుదిరింది అప్పుడే.

చెల్లాచెదురుగా పడిన రాళ్ళన్నీ ఏరుకొచ్చారు. అతని ఒళ్ళో దొరికిన రాయిని అన్నిటికంటే పైన పెట్టారు. డబ్బా మూత తీసి, కుంచె ముంచి, ఎక్కడా ఖాళీ వదలకుండా పూశారు. గోడకి సరిపడా సున్నం అయిపోయింది.

ఖాళీ డబ్బాని ఆ సాయంత్రమే టికెట్లమ్మాయి అతని ఇంటికి పంపింది. భార్య మూత తీసి లోపలికి చూసింది. పెచ్చులూడిన గోడ కిందే పెట్టింది.

మర్నాడు ఏడింటికి ఎవరో నలుగురు వచ్చారు. టికెట్లమ్మాయి కళ్ళు వాచి ఉన్నాయి. అయినా రోజూ చెప్పేదే చెప్పింది. “తెల్లరాయి ఉంటేనే దారి. గుర్తుంచుకోండి.”

గట్టు మీద, ఎండువాగు మలుపులో, పైరాయి నుంచి అడుగురాయి దాకా తెల్లగా ఆ కుప్ప నిలబడి ఉంది. దాని నెత్తిన పెట్టిన కుంచె అప్పటికే ఎండి గట్టిపడింది.