పన్నెండు డబ్బాలు

డాక్టర్ సోమయాజులు గారు హౌరా పక్కన టికియాపారాలో, రైల్వే పనివాళ్లు ఉండే లైన్లలో మొదటిసారి కాలు పెట్టిన రోజున ఆయన ముక్కు మీద రుమాలు ఉంది. వెనకాలే వస్తున్న ఆయన సహాయకురాలు శారద చేతిసంచిలో పన్నెండు డబ్బాలున్నాయి. రుమాలు ఎందుకంటే, అక్కడ బతికే మనుషుల వాసన ఆయనకి పడదు. డబ్బాలు ఎందుకంటే, ఆ మనుషుల మలం ఆయనకి కావాలి.

"మనిసి వొద్దుగానీ మనిసిది కావాలట!" అని మూడో లైనులో వండిపెట్టే పున్నమ్మ ఆ రోజే అంది.

తొంభయ్యో సంవత్సరం వానాకాలం అది. రైలుపెట్టెలు కడిగే షెడ్డు వెనక మూడో లైనులో ఉన్నవన్నీ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కాపురాలే. రెండు నెలల్లో ఆ లైనులో పంతొమ్మిది మందికి జ్వరం పట్టుకుంది. మామూలు మాత్రలకి లొంగని జ్వరం. ఇద్దరు పోయారు. ఒకటి పాలు మానిన పసిపిల్ల. రెండోవాడు బైరాగి, ఇరవై రెండేళ్లవాడు, ఊరి నుంచి వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. అన్న అప్పలసూరితో కలిసి పున్నమ్మ ఇంట్లోనే రెండు పూటలా తినేవాడు.

మనిషి పోయాక ఆఫీసులు కదిలాయి. నీళ్ల ఆఫీసు వాళ్లొచ్చి కుళాయి చూసి, ఇది లైన్ల ఆఫీసుది అన్నారు. లైన్ల ఆఫీసు వాళ్లొచ్చి గొట్టం చూసి, కుళాయి మాదే గానీ నీళ్లు మావి కావన్నారు. లోకల్ కమిటీ దాదా ఎర్రజెండాతో వచ్చి, ఇదంతా కేంద్రం కుట్ర అని అరగంట మాట్లాడాడు. మాట్లాడి మాట్లాడి దాహం వేసింది పాపం. పున్నమ్మ ఆ కుళాయి నీళ్లే గ్లాసుతో పట్టి ఇస్తే, "వద్దు మాషీ" అని కొబ్బరిబోండాం తెప్పించుకున్నాడు. దాదాకి కుట్ర ఎక్కడుందో బాగానే తెలుసు.

ఆఖర్న వచ్చినవారు సోమయాజులు గారు. నదికి అవతల ఏదో పెద్ద పరిశోధన సంస్థలో పెద్ద ఉద్యోగం. తెలుగువాడు కాబట్టి తెలుగు లైనుకి ఆయన్నే పంపారు. కుర్చీ వేయించుకుని కూర్చుని, రుమాలు ఒక అంగుళం దించి, వంట చేసే ఆడవాళ్లందరినీ పిలిపించారు.

"నీళ్లలో దోషం కనిపించలేదు. కనుక దోషం వండే చేతుల్లో ఉండాలి. మీ పన్నెండు మందీ రేపు ఉదయం ఎవరి డబ్బాలో వారు మలం పట్టి ఇవ్వాలి. డబ్బా మీద మీ పేరుంటుంది. సంకోచం అక్కర్లేదు, మనం మనం తెలుగువాళ్లం."

ఆ చివరి ముక్క అనకపోయి ఉంటే కథ మరోలా ఉండేది.

ఆయన జీపు ఎక్కగానే పక్కింటి జగ్గమ్మ నెత్తి కొట్టుకుంది. "బెంగాలీ డాట్రయితే ఇచ్చిపారేద్దుమప్పా. ఈయన మన బాపనాయన! ఉగాదికి ఆంధ్ర సంఘంలో ఎదురుపడితే, ఇది పలానా డబ్బా జగ్గమ్మ అనుకోడేటి? మొకం ఎక్కడెట్టుకోవాల?"

మిగతావాళ్లకీ అదే బాధ. పైగా లైనుకంతా ఉన్నవి నాలుగు దొడ్లు. పొద్దున్నే వాటి ముందు మగాళ్ల వరస. ఆ వరస మధ్య నుంచి పేరు రాసిన డబ్బా పట్టుకుని ఏ కోడలు నడిచి వస్తుంది?

పున్నమ్మ చెయ్యి చాచింది. "ఇలగ తెండే. ముసిల్దాన్ని, మొగుడు లేనిదాన్ని, నాకేటి సిగ్గు? పన్నెండూ నానే నింపుతాను."

"అన్నీ నీవేనా అప్పా?"

"ఆడికి కావల్సింది డబ్బాలు నిండటమే. ఎవులివైతే ఆడికేటి, కూరొండుకుంటాడేటి?"

పన్నెండు మందీ నవ్వలేక కూలబడ్డారు. మర్నాడు శారద వచ్చేసరికి డబ్బాలు వరసగా అరుగు మీద ఉన్నాయి, పేర్లన్నీ ఆమె వైపు తిప్పి.

పున్నమ్మ ధైర్యం ఊరికే వచ్చింది కాదు. ఆ లైనులో ఆమె చేతికి ఒక పరువుంది. ఒంటరిగా ఉండే ఎనిమిది మంది పనివాళ్లకి వండిపెడుతుంది. అన్నం, పులుసు ఎవరైనా వండుతారు. పున్నమ్మ కాచే చోడి అంబలి, అదే రాగి అంబలి కోసం పక్కలైను వాళ్లు కూడా చెంబులతో వస్తారు. సాయంత్రం కాచి, కుండలో రాత్రంతా పులియనిచ్చి, పొద్దున్నే మజ్జిగ, ఉల్లిపాయ, ఉప్పు వేసి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతుంది. జగ్గమ్మ గరిటెతో కలుపుతుందని ఆమెకి ఎంత అసహ్యమో! "గరిటెట్టి కలిపితే అంబలేటే? అది గేదెల కుడితి" అంటుంది.

ఆ చెయ్యి తప్ప ఆమెకి మిగిలిందేమీ లేదు కూడా. మొగుడు గవరయ్య పద్దెనిమిదేళ్ల కిందట జ్వరంతో పోయాడు. కొడుకు కూర్మయ్య పంతొమ్మిదో ఏట జ్వరంతోనే పోయాడు. అప్పటి నుంచి ఎవరైనా "ఎల్లొస్తానప్పా" అంటే ఆమె నమ్మదు. లైను మలుపు దాకా వెళ్లి, మనిషి కనబడకుండా పోయేదాకా నిలబడుతుంది. ఉన్న ఒక్క కూతురు పైడితల్లి ఖరగ్‌పూర్‌లో అత్తారింట్లో ఉంది. ఎనిమిదో నెల. వచ్చే అమావాస్య దాటాక పురిటికి వస్తుంది. దానికి బాలింత పథ్యం తన చేత్తో వండి పెట్టాలని పున్నమ్మ వాము, శొంఠి అప్పుడే సీసాలకి ఎత్తిపెట్టింది.

పది రోజులకి సోమయాజులు గారు మళ్లీ వచ్చారు. ఈసారి ముక్కు మీద రుమాలు లేదు. సంతోషంలో వాసన తెలియలేదు కాబోలు.

"పన్నెండుకి పన్నెండూ!" అన్నారు జీపు దిగకుండానే. "అందరిలోనూ టైఫాయిడ్ క్రిమి. ఒకే రకం! ప్రపంచంలో ఇంతవరకూ ఎక్కడా ఇలా కనిపించలేదు."

ఆనందం ఆయనది, శిక్ష లైనుది. పన్నెండు మందీ నెలకి పైగా మాత్రలు మింగాలి. పరీక్షలో క్రిమి పోయేదాకా ఒక్కరూ వంట ముట్టుకోకూడదు. ఆ సాయంత్రం మూడో లైనులో మగాళ్లు పొయ్యిల ముందు కూర్చున్నారు. ఒకడు బియ్యం కడక్కుండా పడేశాడు. ఒకడు పప్పులో ఉప్పు రెండుసార్లు వేసి, పెళ్లాం నవ్విందని చెంబు విసిరాడు. ఇరవై ఏళ్లుగా తిన్నదానికి వంక పెట్టినవాళ్లంతా మాడిన అన్నం నోరు మూసుకుని తిన్నారు.

పున్నమ్మ, జగ్గమ్మ గోడకి చేరబడి కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు.

"పెపంచకంలో లేదటే! పన్నెండు మందికి ఒకటే పురుగట! ఎందుకుండదూ, పన్నెండూ నా..."

జగ్గమ్మ నవ్వు ముందు ఆగింది. "అయితే అప్పా... ఆ పురుగు..."

పున్నమ్మ నోరు నవ్వుకి తెరుచుకున్నది అలాగే ఉండిపోయింది.

మర్నాడు మాత్రలు పంచడానికి శారద ఒక్కతే వచ్చింది. పున్నమ్మ ఆమెని అరుగు మీద కూచోబెట్టి, ఎవరి గురించో అడిగినట్టు అడిగింది. "పురుగు ఉంటే జొరం ఉండాల గదమ్మా? ఒల్లు సల్లగా ఉన్నోల్లకి ఎలాగుంటాది?"

"ఎప్పుడో ఒకసారి జ్వరం వచ్చి తగ్గి ఉంటుందమ్మా. కొందరికి జ్వరం పోయినా క్రిమి పిత్తాశయంలో ఉండిపోతుంది. ఏళ్ల తరబడి. వాళ్లకేమీ కాదు. వాళ్ల చేతి నుంచి ఇంకొకరికి వెళుతుంది."

"వొండితే సావదేటి?"

"ఉడికితే చస్తుంది. ఉడికాక చెయ్యి పెడితేనే ప్రమాదం. చల్లటివాటిలో మరీను."

పున్నమ్మ తన చేతులకేసి చూసుకుంది. హౌరా వచ్చిన మొదటి ఏడు ఆమె ముప్పై రోజులు జ్వరంతో మూసిన కన్ను తెరవలేదు. గవరయ్యే గంజి పట్టి బతికించాడు. లేచిన మొదటి పొద్దున ఆమె చేసిన పని అంబలి కలపడం. ఆ తర్వాత ఎవరెవరు పడ్డారో ఆమెకి ఒకళ్లు చెప్పనక్కర్లేదు. ఈ వానాకాలం పడ్డ పంతొమ్మిది మందీ ఎవరు? పొద్దున్నే చెంబు పట్టుకుని వచ్చేవాళ్లు. ఆ పసిదానికి కూడా తల్లి రెండు చెంచాలు పట్టించేది, బలమని. అంబలి గిట్టని జగ్గమ్మ మొగుడికి తుమ్ము కూడా రాలేదు. బైరాగి మూడో చెంబు అడిగేవాడు. "నీ సెయ్యి మా అమ్మ సెయ్యిలాగుంటాదప్పా" అనేవాడు. ఆమె పొంగిపోయి పోసేది.

అన్ని చదువులూ చదివిన సోమయాజులు గారు ఎవరెవరు ఏం తిన్నారని ఒక్కరినీ అడగలేదు.

పైడితల్లి రావడానికి ఇంక పదిహేను రోజులుంది. బాలింతకి తను వండకూడదు, వండగలిగిన పదకొండు మంది చేతులూ తనే కట్టేసింది. పున్నమ్మ రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో నాడు బస్సెక్కి, వంతెన దాటి, ఆ సంస్థ మెట్లెక్కింది. గంటన్నర నిలబెట్టి లోపలికి పిలిచారు.

"ఆ పన్నెండూ నావే బాబూ."

"ఏమిటి నీవి?"

"డబ్బాల్లోవి. ఆడగుంటలు సిగ్గుపడితే నానే నింపీసినాను. పురుగు నా ఒక్కదాని కడుపులోనిది."

సోమయాజులు గారు కాసేపు పైకి, తిరుగుతున్న పంకా కేసి చూశారు. తర్వాత ఎంతో ఓపికగా, పిచ్చివాళ్లతో మాట్లాడినట్టు అన్నారు: "చూడమ్మా. పత్రం మొన్ననే ఢిల్లీ వెళ్లింది. వచ్చే నెల సభలో నేను చదువుతున్నాను. అందులో పన్నెండు అని ఉంది."

"పన్నెండు కాదు బాబూ. ఒకటి."

"చదువులేని వాళ్లు భయంతో ఇలా కల్పించి చెబుతారు. అది కూడా రాశానందులో."

పున్నమ్మకి అప్పటిదాకా ఉన్న భయం ఎటో పోయింది. "నాను సదవనేదు బాబూ. మీరు సదివినారు గదా, పన్నెండు డబ్బాలు ఒక్కలాగుంటే ఒక్కపాలైనా అనుమానం రానేదేటి?"

ఆయన గంట కొట్టి బంట్రోతుని పిలిచారు.

మెట్ల దగ్గర శారద అందుకుంది. "నాకు వచ్చిందమ్మా అనుమానం. చెబితే ఆయన, మీ ఇంట్లో నీకు సంబంధాలు చూస్తున్నారా లేదా అని అడిగారు." సంచిలోంచి పన్నెండు కొత్త డబ్బాలు తీసింది. "ఎవరిది వాళ్లు ఇవ్వాలి. నేనే తీసుకుంటాను, నేనే పరీక్ష చేస్తాను, ఆయనకి తెలియక్కర్లేదు. కానీ వాళ్లని మీరు ఒప్పించాలి."

ఒప్పించాలంటే చెప్పాలి. చెప్పాలంటే బైరాగి సంగతి చెప్పాలి.

మర్నాడు కుళాయి దగ్గర బిందెల వరస ఉండగానే పున్నమ్మ డబ్బాలు గట్టు మీద పెట్టి చెప్పింది. ఎక్కడా తడబడలేదు, ఏడవలేదు. చనిపోయిన పిల్ల తల్లి బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి వెళ్లిపోయింది. కుళాయి పారుతూనే ఉంది, ఎవరూ కట్టలేదు. వరసలో చివర అప్పలసూరి నిలబడి ఉన్నాడు. అతను తిట్టి ఉంటే ఆమెకి తేలికయ్యేది. అతను పున్నమ్మ ఇంట్లోకి వెళ్లి, గోడ మేకుకి వేలాడే రెండు కంచాల్లో తనది తీసుకుని బయటికొచ్చాడు. బైరాగిది తియ్యలేదు.

ఆమె అలవాటు ప్రకారం లైను మలుపు దాకా వెనకే వెళ్లింది. అతను వెనక్కి తిరిగి చూడలేదు.

శారద పరీక్షలో పదకొండు డబ్బాలు శుభ్రంగా తేలాయి. పదకొండు పొయ్యిలు మళ్లీ ఆడవాళ్ల చేతికొచ్చాయి. మగాళ్లు మళ్లీ ఉప్పు చాలలేదనడం మొదలుపెట్టారు. మరుసటి నెల ఢిల్లీలో సోమయాజులు గారు పన్నెండు అని చదివారు. శాలువా కప్పారని తర్వాత శారదే చెప్పింది. పున్నమ్మ ఇంటి ముందు పొద్దుటి చెంబులు రావడం మానేశాయి. తినేవాళ్లంతా జగ్గమ్మ ఇంటికి మారారు.

పైడితల్లి అనుకున్న నాటికే సంత్రాగాఛిలో బండి మారి, పెద్ద పొట్టతో ఆయాసపడుతూ వచ్చింది. తల్లి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంటూ ఉండటం చూసి ఆశ్చర్యపోయింది. పొయ్యి చల్లగా ఉంది.

జగ్గమ్మ కంచుగిన్నెతో అంబలి తెచ్చి, గరిటె పెట్టి నాలుగుసార్లు తిప్పింది. పున్నమ్మ చెయ్యి గిన్నె వైపు దానంతట అదే లేచింది. లేచిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఒడిలో పెట్టుకుంది.

పైడితల్లి ఒక గుక్క తాగి మొహం ముడిచింది. "ఉప్పు నేదు, ఉండలున్నాయి. ఏటమ్మా ఇది? నువ్వు కలపవేటి?"

"తాగే," అంది పున్నమ్మ. "అది ఒట్టి కుడితే. నాకు తెల్దేటి? కానీ అది తాగి ఎవులూ పోనేదు."