ముప్పైరెండు కంతలు

ఆ బురుజును చూస్తే మేస్త్రికి ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. నాలుగంతస్తుల ఎత్తు. రెండు రాతిగోడలు, వాటి నడుమ కూరిన మట్టి. ఫిరంగి గుండు తగిలితే పైరాయి చిట్లేది గానీ, మట్టి ఆ గుండును మింగి కూర్చునేది. మూడు ముట్టడులు జరిగాయి. మూడుసార్లూ వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోయారు. ఆఖరి ముట్టడినాటి గుండొకటి ఇంకా తూర్పువైపు రాళ్ల మధ్య ఇరుక్కునే ఉంది.

అలాంటి బురుజు ఇప్పుడు పడమటివైపు జానెడు ముందుకు ఉబ్బింది.

"గోడ పొట్ట పెట్టింది," అన్నాడు మేస్త్రి.

"నీకు తోడు దొరికింది నాన్నా," అంది కూతురు, పరంజా మీద తాళ్లు బిగిస్తూ. తండ్రి దగ్గరే పని నేర్చింది. నోరు మాత్రం సొంతంగా నేర్చుకుంది.

కింద కాగితాలు పట్టుకుని ఇంజనీరమ్మ నిలబడి ఉంది. "సోమవారం నుంచి పైసగం విప్పేస్తాం మేస్త్రీ. రాళ్లకు నంబర్లేసి పక్కన పేరుస్తాం."

"మళ్లీ కట్టేదెప్పుడమ్మా?"

"అనుమతి వచ్చాక."

అలా విప్పిన గోడ తిరిగి లేవడం మేస్త్రి తన జన్మలో చూడలేదు. పరంజా ఎక్కి, గోడను అరచేత్తో తడుముతూ బురుజు చుట్టూ తిరిగాడు. ఉత్తరంవైపు ఒక్కచోట గోడ నూలు పట్టినట్టు నిటారుగా ఉంది. అక్కడ రాళ్ల మధ్య పిడికిలి పట్టేంత కంత, దాని కింద నీటిచార. కంతలోకి చెయ్యి పెట్టాడు. అడుగురాయి నున్నగా, బయటికి ఏటవాలుగా ఉంది. ఉలితో చెక్కిన వాలు.

మేస్త్రి చెయ్యి కంతలోనే ఉండిపోయింది.

ఇరవై రెండేళ్ల క్రితం ఇలాంటి కంతలు ముప్పైరెండు ఉండేవి. పావురాల గూళ్లనుకుని, సిమెంటులో రాతిపొడి కలిపి, కంత ఆనవాలు తెలియకుండా మూసింది అతనే. అప్పటి అధికారి వేలితో తడిమి చూసి, "ఎక్కడ మూశావో నీకైనా తెలుసా?" అని మెచ్చుకున్నాడు. నున్నమేస్త్రి అన్న పేరు ఆ పనితోనే వచ్చింది. తనకు తెలియడానికి ప్రతి మూతలోనూ బొటనవేలి గుర్తు నొక్కాడు. ఇక్కడి మూత ఎప్పుడో ఊడి పడిపోయినట్టుంది.

"ఏంటి నాన్నా, అలా అయిపోయావ్?"

"పావురాలు వాలు చూసి రాయి చెక్కుతాయటే?"

కూతురికి అర్థమైంది. "చెప్పకపోతే ఎవరికీ తెలీదు," అంది మెల్లగా.

"గోడకు తెలిసిపోయిందిగా."

కిందికి దిగి ఇంజనీరమ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, మట్టిలోకి దిగిన వాననీళ్లు బయటికి పోవడానికి కట్టినవాళ్లు దారులు పెట్టారు. ఆ దారులు మూసేశారు. నీళ్లు పోయే చోటు లేక గోడను తోస్తున్నాయి."

"మ్యాపులో కంతలే లేవే! ఎవరు మూశారు?"

"నేనే."

ఆమె కాగితాలు దించి అతని మొహంకేసి చూసింది. "మీరా? నున్నమేస్త్రి గారా?"

"ఆ నున్నదనమే కొంప ముంచిందమ్మా. ఒక్క వానాకాలం గడువివ్వండి. నా చేత్తో మూసినవి నా చేత్తోనే తెరుస్తాను. కూలి వద్దు."

ఆమె వెంటనే ఒప్పుకోలేదు. ముందు ఒకటి తెరిచి చూపించమంది. మేస్త్రి ఉబ్బు కిందనే పాచి గీకి, బొటనవేలి గుర్తు వెతికి, దాని మీద ఉలి పెట్టాడు. పదో దెబ్బకు మూత కదిలింది. పన్నెండో దెబ్బకు బురదనీళ్లు చిమ్మి, కింద తలెత్తి చూస్తున్న ఇంజనీరమ్మ కాగితాలన్నీ తడిపేశాయి.

"ఒప్పుకున్నాను బాబూ, ఆపండి!" అందామె మొహం తుడుచుకుంటూ.

ఆపడం ఎవరి తరం? ఆ కంత రెండు రోజులు కారింది.

వారంలో మిగిలినవన్నీ తెరిచాడు. ఉబ్బు పక్కన గోడ విచ్చిన పగులుకు అడ్డంగా గాజుముక్క అతికించారు. గోడ వెంట్రుకవాసి కదిలినా అది చిట్లుతుంది. వానాకాలమంతా మేస్త్రి రోజూ వచ్చి దాన్నే చూశాడు. పెద్దవాన కురిసిన రోజున ముప్పైరెండు కంతల్లోంచీ నీళ్లు దూకుతుంటే తడుస్తూ నిలబడిపోయాడు.

"గాజు చిట్లలేదు నాన్నా!" పైనుంచి కూతురు అరిచింది.

"చూశావటే," అన్నాడు మేస్త్రి బురుజు వంకే చూస్తూ, "ఇంత కట్టి పేరైనా చెక్కుకోలేదు మహానుభావులు."