ఎడమ పురి

మా అమ్మకి మతి చలించిందని వెల్మా చెప్పిందట. మా వీధి చివర పెట్రోల్ బంకులో కాఫీ అమ్ముతూ, వచ్చినవాళ్లందరికీ చెప్పిందట. "ఆర్లీన్ వరండాలో కూచుని గౌను పైకి లాక్కుని తొడ రుద్దుకుంటోందమ్మా! ట్రక్కులవాళ్లు హారన్ కొట్టినా సిగ్గు లేదు. నోట్లో ఏదో కరుచుకుని కూడా ఉంది" అందట. మా ఆయన అది విని వచ్చి, చెప్పలేక నవ్వలేక నానా తిప్పలూ పడ్డాడు.

అమ్మ మతికేం కాలేదు. వేసవిలో పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది, అంతే. నోట్లో కరుచుకున్నది తాడు కొస. తొడ మీద రుద్దుతున్నది అడవి జనుము నార.

వసంతంలో మా అమ్మాయి మారిస్సా మొదటిసారి పెద్దవాళ్లతో కొండెక్కి దుంపలు తవ్వాలి. ఆ దుంపలు వేసుకునే సంచి అమ్మమ్మ ఇవ్వడం మా ఇంటి ఆనవాయితీ. సంచి సగం అయ్యాక చెయ్యి పడిపోయింది. సంచి అల్లడం నాకు వచ్చు, దానికి నారతో తాడు పేనడం రాదు.

"నేను పేనుతాను, నువ్వల్లవే" అంది అమ్మ.

ఆకు రాలాక యకీమా నది ఒడ్డుకెళ్లి ఎర్రబడిన కాడలు కోసుకొచ్చాను. నలగ్గొట్టి, బెండు దులిపి, నార తీసి ఇచ్చాను. అమ్మ ఎడమచేత్తో పేనింది. ఆ తాడుని సంచి తాడుకి అతికాను. కాస్త లాగానో లేదో, అతుకు దగ్గర పురి విప్పుకుని చిక్కుజుట్టులా విడిపోయింది. మళ్లీ అతికితే మళ్లీ అంతే.

అమ్మ దాన్ని కంటి దగ్గర పెట్టుకుని చూసింది. "ఎడమ పురి పడింది. సంచి తాడుది కుడి పురి. ఈ చెయ్యి ముందుకి తోస్తే ఇలాగే పడుతుంది."

"అయితే వెనక్కి లాగి పేను."

"లాగుతున్నానే తల్లీ. గుర్తున్నంతసేపు లాగుతుంది. మరిచిపోయానా, తోసేస్తుంది. ముసలి చెయ్యి, నా మాట వింటుందా?"

మా ఇంట్లో ఎడమ పురి అంటే టిల్లీ అత్తే. నాన్న చెల్లెలు, పుట్టుకతోనే ఎడమచేతివాటం. ఒకప్పుడు మా తెగవాళ్లంతా కూడే లాంగ్‌హౌస్‌లో విందు జరుగుతుంటే అమ్మ ఆవిడ తాడు పైకెత్తి అందరికీ చూపించి, "ఇది గుర్రానికి కడితే గుర్రమే సిగ్గుపడి ఊరొదిలిపోతుంది" అంది. అందరూ నవ్వారు. ఆ తర్వాత టిల్లీ అత్త మా గడప తొక్కలేదు. నాన్న పోయినప్పుడు కూడా దూరంగా నిలబడి వెళ్లిపోయింది.

అమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని అల్లిక తడిమి చూసి, "విప్పెయ్యి" అంది.

"మొత్తమా?"

"మొత్తం. విప్పి, కారు తియ్యి."

టిల్లీ అత్త వంటింట్లో రొట్టెలు వేయిస్తోంది. మమ్మల్ని చూసి పొయ్యి కట్టేసింది. "ఎవరో దారి తప్పినట్టున్నారు. కూచో వదినా. కాఫీలో చక్కెర ఇంకా కుమ్మరిస్తున్నావా, డాక్టరు మానిపించాడా?"

అమ్మ తను పేనిన తాడు బల్ల మీద పెట్టింది. అత్త దాన్ని గోటితో గీరి చూసింది.

"ఎవరు పేనారిది? నాది కాదే."

"నేనే."

"దరిద్రంగా ఉంది."

"తెలుసు. కానీ పురి నీదే. నీ తాడుకి అతుకుతుంది. ఒంటిచేత్తో, పళ్లతో వసంతానికల్లా నా వల్ల కాదు టిల్లీ. పిల్లకి సంచి కావాలి."

"సగం అల్లావని విన్నానే?"

"విప్పేశాను."

అత్త కాసేపు అమ్మ పడిపోయిన చేతినే చూసింది. తర్వాత కుర్చీ ఇటు లాక్కుని, గౌను తొడపైకి జరిపి, మేం తెచ్చిన నారలోంచి రెండు పాయలు తీసింది. అమ్మ తాడు కొసకి వాటిని కలిపి ఎడమ అరచేత్తో ఒక్క తోపు తోసింది. అతుకు ఎక్కడుందో నా కంటికి ఆనలేదు. లాగి చూశాను, కదల్లేదు.

"ఎంత చక్కగా కూచుందో!" అంది అమ్మ. "నీది మంచి చెయ్యి టిల్లీ."

అత్త తలెత్తలేదు. పేనుతూనే అంది:

"నీ చెయ్యి పడిపోతే గాని నా చెయ్యి నీకు కనపడలేదు."