నలభై మంది చూసిన ముడి

నేను ఒక పుస్తకాన్ని. నాలో కథలుండవు, పద్యాలుండవు. వచ్చినవాళ్లు తోచింది రాసి పోతారు. అంటే ఎవడూ చదవని రకం అన్నమాట.

విశాఖపట్నంలో పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక బైండింగు కొట్టులో పుట్టాను. మైదా జిగురు, నల్ల గుడ్డ అట్ట, మూలలకి ఎర్ర గుడ్డ. నన్ను కుట్టిన మనిషి నాలుగో తరగతితో బడి మానేశాడు. జీవితమంతా పుస్తకాలు కుట్టాడు గానీ ఒక్కటీ చదవలేదు, చదవనందుకు సిగ్గుపడనూ లేదు. కుట్టు మాత్రం గట్టిగా వేశాడు. చదువుకున్నవాళ్ల చేతుల్లో పడ్డాక ఆ కుట్టు విలువ నాకు తెలిసొచ్చింది.

ఒక సినిమా హాలు మేనేజరు నన్ను కొని, ఫిర్యాదుల పుస్తకమని పేరు పెట్టి, బుకింగు కిటికీ పక్కన మేకుకి తగిలించాడు. ఆరేళ్లలో రాసినవాళ్లు పదకొండు మంది. 'బాల్కనీలో ఫ్యాను తిరగడం లేదు.' 'ఇంటర్వెల్ తర్వాత ఒక రీలు ఎగ్గొట్టారు, మేమేమన్నా గుడ్డోళ్లమా.' తర్వాత హాలు మూసేసి పెళ్లిమండపం చేశారు. సామాన్లు బయట పారేస్తున్న రోజున అప్పలకొండ వచ్చాడు.

అప్పలకొండ ఆ హాలుకి ఇరవై ఏళ్లు బేనర్లు గీసిన మనిషి. హీరో మొహం పదడుగులు, మీసం ఒక్కటే రెండడుగులు ఉండేలా వేసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని ఊడ్చిపెట్టేశాయి. అప్పట్నించి బళ్లకి నంబరు ప్లేట్లు, బడి గోడల మీద ఏనుగులు, ప్రహరీల మీద 'ఇచ్చట మూత్రము పోయరాదు' రాసి బతుకుతున్నాడు. పాత బేనర్లేమైనా దొరుకుతాయేమోనని ఆ రోజు వచ్చాడు. అవి అప్పటికే లారీల మీద పట్టాలుగా వెళ్లిపోయాయి. నేను దొరికాను. రాసిన కాగితాలు చించేసి, అట్ట మీద 'అభిప్రాయములు' అని తెల్లరంగుతో రాశాడు. ఆ అక్షరాలు చూస్తే ఎవరికైనా నా మీద గౌరవం పుట్టాలి.

అభిప్రాయాలు ఎందుకంటే, ఆయన నాలుగేళ్లు కూచుని ఎనిమిది బొమ్మలు వేశాడు. హీరోలు కాదు, తన చుట్టూ ఉన్నవాళ్లు. ఒకటి ఐస్ బండి మనిషి. ఒకటి హార్బరు గేటు దగ్గర తట్టతో నిలబడ్డ ఆవిడ. మూడోది వల బాగుచేసుకుంటున్న ముసలాయన. ఎవరో పెద్దమనిషిని బతిమాలి, లైబ్రరీ మేడమీది హాలు మూడు రోజులకి సంపాదించాడు. గురువారం నించి శనివారం దాకా.

ఆదివారం పోతే ఆ తర్వాతది సోమవారం. సోమవారం గురించి వాళ్లింట్లో చాలా గొడవ జరిగింది. బావమరిది ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ పని చూసిపెట్టాడు. మెట్ల కింద గది ఇస్తారు, కాపురం అందులోకి మార్చాలి. ఆ గదిలో మంచం పడుతుంది, మనుషులు పడతారు, బొమ్మలు పట్టవు. అప్పలకొండ భార్య సన్యాసమ్మ, ఇంకెన్నాళ్లని అడిగింది. ఆయన చివరికి నన్ను సంచిలో పెట్టుకుంటూ ఒక మాటన్నాడు.

"ఈ మూడ్రోజుల్లో ఒక్కడైనా నిలబడి సూసినాడని తెలిస్తే నాను గీస్తానే. లేదంటే సోమారం ఎనిమిదింటికి ఆ గేటు కాడుంటాను."

గురువారం ఏడుగురొచ్చారు. ఒకాయన పేపర్లు చదివే గది ఎక్కడని అడిగాడు. ఇద్దరు ఫ్యాను కింద కాసేపు కూచున్నారు. శుక్రవారం హాలు ఇప్పించిన పెద్దమనిషే స్వయంగా వచ్చి నాలో 'శుభాకాంక్షలు' అని రాసి, బొమ్మల వైపు వీపు పెట్టి ఫొటో దిగి వెళ్లాడు. అప్పలకొండ అవన్నీ తలుపు చాటు నించి చూశాడు. బొమ్మల దగ్గర నిలబడాలంటే ఆయనకి సిగ్గు. ఇరవై ఏళ్లు ఆయన బొమ్మల్ని జనం చూస్తున్నప్పుడు ఆయన ఎప్పుడూ అక్కడ లేడు మరి, నిచ్చెన దిగి ఇంకో గోడకి పోయేవాడు.

శనివారం మధ్యాహ్నం ఫణిభూషణం మాస్టారు డిగ్రీ కాలేజీ పిల్లల్ని తీసుకొచ్చాడు. ఆయన తెలుగు లెక్చరరు. కాలేజీలో సినిమాలకీ కళలకీ ఒక సంఘం పెట్టి, నెలకోసారి పిల్లల్ని ఒక సినిమాకో, నాటకానికో, బొమ్మల ప్రదర్శనకో తోలుకుపోతుంటాడు. మంచి మనిషే. కాకపోతే పిల్లలు ఊరికే రారని ఐదు మార్కులు పెట్టాడు. వచ్చినట్టు రుజువు ఏమిటంటే, అభిప్రాయాల పుస్తకంలో రోల్ నంబరు వేసి రెండు వాక్యాలు రాయాలి. పిల్లలు వస్తున్నారని తెలియగానే అప్పలకొండ టీ కొట్టుకి పారిపోయాడు.

నలభై మందీ లోపలికొచ్చి నా బల్ల చుట్టూ మూగారు. గోడల వైపు వెళ్లినవాళ్లు తక్కువ. మాట్లాడుకున్నది ముందురోజు రిలీజైన సినిమా గురించి. అబ్బ, ఏం మాట్లాడుకున్నారు. అవినాష్ అని ఒక కుర్రాడు, సెకండాఫ్ ఫైటులో హీరో గడియారం ఒక షాట్‌లో ఎడమ చేతికుంది, ఇంకో షాట్‌లో కుడి చేతికుంది, డైరెక్టరు నిద్రపోయాడా అన్నాడు. పక్కవాడు, గడియారం చూడ్డానికెళ్లావురా నువ్వు అని వెక్కిరించాడు. రెండుసార్లు చూశాను కాబట్టి పట్టుకున్నానని వీడు. అరగంట అదే గోల. వాళ్లకి కళ్లు లేవని నేనెప్పుడూ అనను.

ఆ గోలలో ఒకమ్మాయి వచ్చి కలం తీసింది. పేరు సూరాడ పైడితల్లి, రోల్ నంబరు మూడు. పెదజాలరిపేట పిల్ల. తిన్నగా రాసింది: 'మూడో బొమ్మలో వల ముడి తప్పు. అది మూట కట్టే ముడి. లాగితే జారిపోతుంది, అందులో చేప నిలవదు.' రాసి, కలం మూతపెట్టి, కిటికీ దగ్గరికి పోయింది.

తర్వాత జరిగింది కాలేజీ పిల్లలు మాత్రమే చేయగల పని. ల్యాబు రికార్డు ఒకరు రాస్తే మిగతావాళ్లు దించేస్తారు చూడండి, మాస్టారు పట్టుకోకుండా తలా ఒక మాట మార్చి, అలాగే దించారు. రోల్ నంబరు ఏడు: 'వలలోని ముడి సహజంగా లేదు.' పన్నెండు: 'ముడి విషయంలో చిత్రకారుడు మరింత శ్రద్ధ వహించవలసింది.' ఇరవై మూడు: 'ఈ ముడి సామాజిక వాస్తవికతకు దూరంగా ఉన్నది.' అవినాష్ ఫోను చూసుకుంటూ 'రెండో బొమ్మలో ముడి తప్పు' అని రాశాడు. రెండోది తట్టతో నిలబడ్డ ఆవిడ. ముప్పయ్యో నంబరు పిల్ల ఆ ముడిలో మన సంస్కృతి కనిపిస్తోందని రాసింది. మాస్టారు పేజీలు తిప్పి, నంబర్లు నలభై ఉన్నాయా లేదా చూసుకుని, అందర్నీ తీసుకుని వెళ్లిపోయాడు.

అప్పలకొండ తిరిగొచ్చి నన్ను తెరిచాడు. మొదటిది చదివాడు. మొహం మాడిపోయింది. రెండోది, మూడోది, నాలుగోది. ఎనిమిదోది చదివేసరికి కుర్చీలో కూలబడ్డాడు. నలభై అయ్యాక మొహం తుడుచుకుని లైబ్రరీ అటెండరుతో అన్నాడు:

"ఇరవయ్యేళ్లు మొహాలే గీసినాను బాబూ. రోడ్డు మీద పోయేవోడికి చేతులగుపడవని ఏలు కూడా సరిగ్గా ఎయ్యలేదెప్పుడూ. ఈ పిల్లలు ముడి దాకా ఎల్లిపోనారు. నలభై మందీ."

తిడుతున్నారనుకుని ఓదార్చబోయిన అటెండరు నోరు మూసుకున్నాడు. అప్పలకొండ నవ్వుతున్నాడు. నాకు నోరుంటే అసలు సంగతి చెప్పేవాణ్ణి. లేకపోవడమే మంచిదయింది.

సోమవారం ఎనిమిదింటికి అప్పలకొండ గేటు దగ్గర లేడు. మూడో బొమ్మ, రంగుల పెట్టె, నేను, ముగ్గురం ఆటోలో కాలేజీకి చేరాం. తప్పు పట్టినవాళ్ల ముందే దిద్దుతానని ఆయన పట్టుదల. ఫణిభూషణం మాస్టారు సంబరపడిపోయి క్లాసు ఆపేసి, బొమ్మని బల్ల మీద నిలబెట్టించాడు.

అప్పలకొండ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తనకి చదువు లేదనీ, చిన్నప్పట్నించి రంగే తప్ప ఇంకోటి తెలీదనీ చెప్పుకుని, ఆ ముడి ఎలా వెయ్యాలో ఒకరొచ్చి చూపించమని అడిగాడు. ఎవరూ కదల్లేదు. ఇరవై మూడో నంబరు కుర్రాడు కిటికీలోంచి కాకిని చూస్తున్నాడు. మాస్టారు, సిగ్గుపడకండిరా, రాసినవాళ్లే కదా అన్నాడు. చివరికి అవినాష్ లేచాడు.

"సారీ అంకుల్. మేం బొమ్మ చూళ్లేదు. పైడి రాసింది చూసి రాసేశాం. మార్కులుంటాయని."

మాస్టారు తల దించుకున్నాడు. అప్పలకొండ నన్ను చేతిలో పట్టుకుని, పేజీ తెరిచి, ఆ నలభై వరసల్నీ పైనించి కిందకి మళ్లీ చూశాడు. ఆయన వేళ్లు నా అంచుని నలిపేశాయి. జేబులో ఫోను మోగింది. బావమరిది. ఎత్తలేదు.

పైడితల్లి లేచి ముందుకొచ్చింది. మెడలో ఐడీ కార్డు తాడు తీసింది, అవినాష్ మెడలోది లాక్కుంది.

"నాను కూడా బొమ్మ సూళ్లేదండీ. ముడే సూసాను," అంది. "మా అయ్యతో కూకుని సిన్నప్పట్నించి వల అల్లుతాను. తప్పు ముడి అగుపడితే సెయ్యి ఊరుకోదు."

ఒక తాడు మడిచి పట్టుకుంది. రెండోది కింద నించి తెచ్చి, చుట్టూ తిప్పి, దాని కిందకే దూర్చి లాగింది. అప్పలకొండ ప్రయత్నించాడు. జారిపోయింది. మళ్లీ. మళ్లీ జారింది. ఆమె ఆయన బొటనవేలు పట్టుకుని, ఇక్కడ నొక్కి పెట్టాలండీ, వదిల్తే పోద్ది అంది. గంట కొట్టారు, పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు, ఆమె తర్వాతి క్లాసు కూడా అయిపోయింది. పదకొండింటికి ముడి నిలిచింది. అప్పుడాయన కుంచె తీశాడు. ఆమె బొమ్మకి ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి, తాడు పురి అటు కాదండీ, ఇటు, అని చెబుతూ వేయించింది.

ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఎత్తాడు. అవతల బావమరిది కేకలు నాకూ వినబడ్డాయి. అపార్టుమెంటు సెక్రటరీ గేటు దగ్గరే నిలబడ్డాడట, వస్తావా ఇంకోణ్ణి పెట్టుకోమంటావా ఇప్పుడే చెప్పమన్నాడట.

"ఇంకోణ్ణి ఎట్టుకోమనరా," అన్నాడు అప్పలకొండ. "రంగు తడారలేదు, కదలడానికి లేదు."

ఆ వారం సన్యాసమ్మ ఆయనతో మాట్లాడలేదు. కంచం పెట్టేది, మాట పెట్టేది కాదు. ఆవిడ కోపంలో తప్పేముంది. ఇల్లు గడవడానికి ఆయన ఇప్పటికీ ప్రహరీల మీద ఆ మూత్రం రాతలే రాస్తున్నాడు.

ఆ రోజు మాత్రం తడి బొమ్మని ఆటోలో పెట్టడానికి వీల్లేకపోయింది. రంగు అంటకుండా బొమ్మని బయటి వైపుకి తిప్పి రెండు చేతులా పట్టుకుని ఇంటిదాకా నడిచాడు. దారిలో మనుషులు ఆగుతున్నారని ఆయన నడక నెమ్మదించడాన్ని బట్టి తెలిసింది. నేను ఆయన చంకలో ఉన్నాను, చెమట పట్టిన చొక్కాకి మొహం ఆనించుకుని. ఆ బొమ్మ మీద నలభై అభిప్రాయాలు మోస్తున్నాను. నేను మాత్రం దాన్ని ఇంతవరకూ చూళ్లేదు.