తాకితే తెలిసే చోటు

దుప్పటి రెండు కొసలు ఆమె చేతుల్లో ఉన్నాయి, మిగిలిన రెండు అత్త చేతుల్లో. ఇస్త్రీ రోలరు నుంచి అప్పుడే బయటపడిన గుడ్డ వేళ్ళను చుర్రుమనిపిస్తోంది. ఇద్దరూ వెనక్కి వాలి ఒక్క గుంజు గుంజారు. ముడతలన్నీ ఫట్‌మని విడిపోయాయి. కొసలు కలిపి ఒకసారి, అంచులు కలిపి ఇంకోసారి మడిచి, ఇక ఒకరికేసి ఒకరు నడిచారు. ఈ పనిలో ఉన్న తమాషా అదే. ఎంత దూరాన నిలబడి మొదలుపెట్టినా చివరికి ఇద్దరు మనుషులూ ఊపిరి తగిలేంత దగ్గరికి రావలసిందే.

కొసలు అందించబోతూ అత్త ఆమె మెడ కిందికి చూసి, గొంతు తగ్గించి, "మబ్బు పట్టింది" అంది.

ఆమె గబుక్కున గోడవైపు తిరిగింది. యూనిఫాం చొక్కా లోపల ఎడమవైపు పెట్టుకున్న గుడ్డ ఉండ మెడ ఎముక దాకా ఎక్కి కూర్చుంది. చిరిగిపోయి పక్కన పడేసిన చేతి తువ్వాలును మడతలు వేసి, అంచులు గుండ్రంగా కుట్టి తానే చేసుకున్నది అది. చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ బరువు లేదు. చేతులు పైకెత్తినప్పుడల్లా ప్రయాణం కడుతుంది. దాన్ని కిందికి దించి, గుండీ సరిచేసుకుని ఇటు తిరిగింది.

"తేరుకుంది" అంది.

"వాన పడుతుందేమోనని హడలి చచ్చాను" అంది అత్త.

ఇద్దరూ పైకి వినపడకుండా నవ్వుకున్నారు. ఆ హోటలు కింది అంతస్తులో, ఆవిరికి గోడలు చెమర్చే ఆ లాండ్రీ గదిలో పనిచేసేవాళ్ళందరికీ ఆ పెద్దావిడ అత్తే. ఎవరికి ఏ వరసన అత్తో ఎవరూ అడగలేదు. ఆమెనేమో అందరూ మడతక్క అంటారు. ఆమె మడిచిన దుప్పట్ల దొంతర పక్కనుంచి చూస్తే కత్తితో కోసిన రొట్టెలా ఉంటుంది. పైన గదుల్లో దిగేవాళ్ళు పడుకోబోయే ముందు ఆ మడతను ఒక్క లాగుతో చెరిపేస్తారు. మర్నాటికి అది మళ్ళీ ఆమె చేతికే వస్తుంది. పెళ్ళికి ముందు చేరిన పని. కూతురు చదువుకు వేరే ఊరు వెళ్ళి హాస్టల్లో ఉండే వయసు వచ్చినా ఆమె ఇంకా అదే బల్ల దగ్గర నిలబడి ఉంది.

కిందటి ఏడాదికి ముందటి ఏడు ఎడమ రొమ్ము తీసేశారు. తర్వాత మందులు, ఆపైన ఆ చోట కరెంటు పెట్టడం, అదే రేడియేషను. రోగం పోయిందన్నారు. ఊడిన జుట్టు మళ్ళీ వచ్చింది, మునుపటికంటే ఉంగరాలు తిరిగి మరీ వచ్చింది. చూసినవాళ్ళంతా "ఏమీ జరగనట్టే ఉన్నావు" అన్నారు. ఆ మాట విని ఆమె నవ్వేది. ఏమీ జరగనట్టు ఉండటానికి రోజూ పొద్దున్నే తలుపు గడియ పెట్టుకుని, అద్దానికి వీపు తిప్పి, ఆ గుడ్డ ఉండను సర్దుకుంటున్నది ఎవరికి తెలుసు?

అత్తకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

"మధ్యాహ్నమేగా వెళ్ళేది?" అంది అత్త, తర్వాతి దుప్పటి అందుకుంటూ.

"ఊఁ. కొత్తగా రొమ్ము చేసి పెట్టే డాక్టరమ్మ. ఇవాళ రమ్మన్నారు."

"మీ ఆయనకి చెప్పావా?"

ఆమె కొసలు దులిపింది. ఎప్పుడో ఒకసారి మాట కదిపితే లారీ నడిపే ఆ మనిషి, "ఇప్పుడెందుకే అవన్నీ? ప్రాణం దక్కింది, చాలదూ?" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అయినా ఆ ప్రేమలో ఆమెకు కావలసినది ఎక్కడా కనపడలేదు.

"నావి ఈ వయసులో మోయలేక చస్తున్నాను. వీలుంటే ఒకటి నీకిచ్చి పంపేదాన్ని" అంది అత్త. తర్వాత మామూలు గొంతుతో, "ఎందుకు కావాలో నీకు తెలిస్తే చాలమ్మా. ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు" అంది.

చిక్కంతా అక్కడే ఉంది. ఎందుకు కావాలో ఆమెకు మాటల్లో తెలియదు.

డాక్టరమ్మ వయసులో చిన్నది. చొక్కా విప్పమని చెప్పి, చేతులు రెండూ రుద్దుకుని వెచ్చబరుచుకున్నాకే దగ్గరికి వచ్చింది. చంక నుంచి ఛాతీ మధ్య దాకా ఏటవాలుగా సాగిన గీత వెంట డాక్టరమ్మ వేళ్ళు నడిచాయి. కరెంటు పెట్టిన చర్మం నల్లబడి, బిగిసి, ఎముకకు అతుక్కుని ఉంది.

"ఒకే దారి అని లేదమ్మా. అన్నీ చెప్తాను, తొందరపడి ఏదీ ఒప్పుకోకండి" అంటూ డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

సిలికాన్ సంచి పెట్టవచ్చు. ముందు ఖాళీ సంచి ఒకటి చర్మం కింద దాచి, వచ్చినప్పుడల్లా సూదితో ఉప్పునీళ్ళు ఎక్కిస్తూ మెల్లగా చోటు చేసి, తర్వాత అసలుది పెడతారు. ఆపరేషను చిన్నదే. కానీ కరెంటు తిన్న చర్మం సాగడానికి మొరాయిస్తుంది, సంచి చుట్టూ గట్టిపడి నొప్పి పెట్టవచ్చు, చీము పట్టే భయమూ ఎక్కువే.

వీపు నుంచి కండను చర్మంతో సహా చంక కిందుగా ముందుకు తిప్పి తేవచ్చు. "మీరేం పని చేస్తారు?" అని అడిగింది డాక్టరమ్మ. తడి దుప్పట్లు ఎత్తే పని అని చెబితే, తన భుజం వెనక చెయ్యి వేసి చూపిస్తూ, "గుంజేటప్పుడు పనికొచ్చేది ఈ కండే. కొంత బలం తగ్గుతుంది" అంది.

మూడోది పొట్ట నుంచి. బొడ్డు కింద కొవ్వు, చర్మం తీసుకొచ్చి, దాని రక్తనాళాలను ఛాతీలోని నాళాలతో భూతద్దం కింద కలిపి కుడతారు. ఆపరేషనుకు పూటంతా పడుతుంది. తుంటి నుంచి తుంటికి మచ్చ మిగులుతుంది, కొన్ని వారాలు బరువు ఎత్తకూడదు, ఒక్కోసారి నాళం మూసుకుపోయి కథ మొదటికి రావచ్చు. కానీ అతుక్కుంటే అది సొంత ఒళ్ళే. మెత్తగా ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, మనిషి లావైతే తానూ లావవుతుంది.

"ఇవేవీ వద్దంటే, లోదుస్తుల్లో పెట్టుకునే సిలికాన్‌ది మంచిది దొరుకుతుంది. బరువుంటుంది కనక కదలదు. అదీ వద్దు, ఉన్నది ఉన్నట్టే ఉండనీ అన్నా మంచిదే. అలా హాయిగా ఉన్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు."

"మరి ముచ్చిక?" అని అడిగింది ఆమె, తల వంచుకుని.

"తర్వాత ఇంకో చిన్న ఆపరేషను. అక్కడి చర్మాన్నే కొంచెం పైకి తీసి మడతలు పెట్టి చేస్తాం. రంగు పచ్చబొట్టుతో వేస్తాం."

మడతలు అన్న మాటకు ఆమె పెదవి చివర నవ్వు మెదిలింది. ఆ నవ్వు ఇచ్చిన ధైర్యంతోనే కాబోలు, ఇన్నాళ్ళూ లోపల తిప్పుకుంటున్న ప్రశ్న బయటికి వచ్చింది.

"ఎవరైనా చెయ్యి వేస్తే... తెలుస్తుందా అమ్మా?"

డాక్టరమ్మ కుర్చీ ఇంకాస్త ముందుకు జరిపింది.

"చాలావరకు తెలియదు. కొందరికి కొంత కాలానికి కొంచెం తిరిగొస్తుంది. మీకు వస్తుందని మాట ఇవ్వలేను. మీకు అబద్ధం చెప్పడం నాకిష్టం లేదు."

ఆమె చొక్కా వేసుకుంది. తెలియదంటే ఇక అంత కోత కోయించుకోవడం దేనికి? గుడ్డ ఉండకూ దానికీ తేడా ఏముంది? ఆలోచించుకుని వస్తానని చెప్పి లేచింది.

బస్సులో చోటు లేదు. కమ్మీ పట్టుకుని నిలబడింది. ముందు సీట్లో ఎవరో చంటిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది, తల్లి సంచిలో పాలసీసా కోసం వెతుకుతోంది. ఉన్నట్టుండి ఆమెకు ఎడమవైపు జివ్వుమంది. చంక దగ్గర మొదలై, సన్నని దారాలన్నీ ఒక్కచోటికి లాగినట్టు, పాలు చేపుకొచ్చేటప్పటి ఆ లాగుడు. కూతురు చంటిదిగా ఉన్నప్పుడు ఎప్పుడూ అటువైపే ముందు నోరు పెట్టేది. ఇటు తిప్పితే అలిగేది. ఆమె కమ్మీ వదిలి ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. చేతికి చల్లటి గుడ్డ తగిలింది. బస్సు మలుపు తిరిగింది, పక్కనున్నాయన కాలు తొక్కి ఏదో అన్నాడు. ఆమెకు అదేమీ వినపడలేదు. లేని చోటు అంతగా పిలుస్తోంది, వెళ్ళిన చెయ్యి ఉత్తదిగానే తిరిగి వస్తోంది. పోయింది రొమ్ము ఒక్కటే కాదు, చెయ్యి ఆనుకునే తావు కూడా. దిగవలసిన చోటు దాటిపోయాక గాని ఆమెకు తెలియలేదు. వెనక్కి నడిచింది.

ఇంటికి చేరేసరికి భర్త హాల్లో సంచి సర్దుకుంటున్నాడు. సరుకు దూరపు రేవుకు వెళ్ళాలి. దారి బాగుంటే నెల, లేకపోతే ఇంకా ఎక్కువ. చీకటి పడకముందే తోటి డ్రైవరుతో బయలుదేరాలి. ఆపరేషను అయిన కొత్తలో, నిద్రలో తన చెయ్యి తగిలి నొప్పి పెడుతుందేమోనని పరుపు హాల్లోకి మార్చుకున్నాడు. నొప్పి పోయింది గాని పరుపు మాత్రం తిరిగి రాలేదు.

"ఆలస్యమైందేం?" అన్నాడు.

"ఆసుపత్రికి వెళ్ళాను."

అతను సంచి వదిలేసి నిలబడ్డాడు.

"మళ్ళీనా?"

"అబ్బే, అది కాదు. అది లేదు" అని ఆమె కంగారుగా అంది. విషయం అంతా చెప్పింది. సంచి, వీపు, పొట్ట. అతను గోడకు ఆనుకుని విన్నాడు.

"నీకు కావాలంటే చేయించుకో. నా కోసమైతే మాత్రం వద్దు. నాకేం తేడా లేదు."

"మీకు తేడా ఎలా తెలుస్తుంది? ఎప్పుడైనా చూశారా?"

"నువ్వు చూపించావా?"

"మీరు అడిగారా?"

అతను నేల చూపులు చూశాడు. "కట్టు విప్పిన రోజు నర్సు నన్ను లోపలికి రమ్మంది. నువ్వు కళ్ళు గట్టిగా మూసుకుని, 'ఆయన్ని పంపించెయ్యండి' అని అరిచావు. ఆ తర్వాత ఇంక నాకు అడిగే నోరెక్కడిది?"

ఆమెకు ఆ అరుపు గుర్తులేదు. మందుల మత్తులో అన్న మాట కావచ్చు. ఆ ఒక్క మాట పట్టుకుని ఈ మనిషి ఇన్నాళ్ళూ హాల్లో పడుకున్నాడు. ఆ హాలును చూసి, తనను చూస్తే ఇతనికి వెగటేమో అనుకుంటూ తాను గదిలో పడుకుంది.

లోపలికి వెళ్ళి మంచం అంచున కూర్చుంది. "రండి" అంది.

కిటికీలోంచి సాయంకాలపు వెలుతురు ఏటవాలుగా పడుతోంది. ఆమె గుండీలు విప్పి, గుడ్డ ఉండ తీసి పక్కన పెట్టింది. కళ్ళు మూసుకోలేదు. అతను గుమ్మం దగ్గర ఆగి చూశాడు. చూసి తల తిప్పుకోలేదు. వచ్చి పక్కన కూర్చుని, చెయ్యి చాచబోయి, మళ్ళీ వెనక్కి తీసుకుని, చేతి గడియారం విప్పాడు.

"గొలుసు గీసుకుంటుంది" అన్నాడు.

స్టీరింగు పట్టి కాయలు కాచిన వేళ్ళు గీత మీద ఆనాయి.

"తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"బరువు తెలుస్తోంది. చెయ్యి తెలియట్లేదు."

ఆ వేలు పైకి, ఇంకా పైకి, చీకట్లో గోడ తడుముకున్నట్టు నడిచింది. మెడ ఎముకకు కొంచెం కింద, మాడిన చర్మం ఆగి మామూలు చర్మం మొదలయ్యే అంచున, ఆమె ఒళ్ళు ఝల్లుమంది. ముంజేతుల మీద రోమాలు లేచాయి.

"అక్కడ" అంది. "అక్కడ తెలుస్తోంది."

అతను వేలు అక్కడే ఉంచాడు.

"పొట్ట నుంచి తీసేదే చేయించుకుంటానండీ" అంది ఆమె. "కొత్తదానికి మాత్రం తాకితే తెలియదట."

"మరెందుకే?"

"దానికి తెలియకపోతే పోనీయండి. నా చేతికి తెలుస్తుంది కదా. మెలకువ వచ్చినప్పుడు చెయ్యి వేసుకుంటే ఏదో ఒకటి వెచ్చగా తగలాలి నాకు. అంతే."

అతను తల ఊపాడు. "నేనొచ్చేదాకా ఆగు. బయట బల్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కోవడానికి ఒకడుండాలిగా."

"ఆగుతాను. దారిలో గోళ్ళన్నీ అయిపోగొట్టకండి."

వీధి చివర హారన్ మోగింది. తోటి డ్రైవరు. మళ్ళీ మోగింది. అతను ఆమె చొక్కా అంచులు దగ్గరికి చేర్చి, మొదటి గుండీ తానే పెట్టాడు, అదీ తప్పు కాజాలో. హాల్లోకి నడిచి, పరుపు చుట్టి తెచ్చి గది మూల నిలబెట్టి, సంచి భుజాన వేసుకున్నాడు.

"వెళ్ళొస్తానే."

"జాగ్రత్త."

ఆమె గుమ్మంలో నిలబడింది. లారీ కదిలిన చప్పుడు, మలుపు దగ్గర గేరు మార్చిన చప్పుడు, ఆ తర్వాత ఎన్ని బళ్ళ మోతలో కలిసిపోయినా ఆమె చెవి పట్టుకున్న ఒక సన్నని గుర్రు. అదీ ఆగిపోయింది. ఒక నెల ఎంత పొడుగో ఆమెకు కొత్త కాదు. అయితే అతను వెళ్ళాడన్న బెంగ ఇంత పచ్చిగా పట్టుకోవడం మాత్రం చాలా ఏళ్ళ తర్వాత ఇదే. మెడ ఎముక కింద వేలు ఉన్న చోటు ఇంకా ఝుమ్మంటోంది.

లోపలికి వచ్చి దీపం వేసింది. మంచం మీద, అతను కూర్చున్న పల్లం పక్కన, గొలుసు ఇంకా మణికట్టంత గుండ్రంగానే వంగి, వెనక రేకు మీద చెమట తడి ఆరకుండానే, అతని చేతి గడియారం ఆడుతోంది.