వంగిపోయిన పోగులు

చిరుగులు కనబడకుండా పోగులల్లే రఫూ మాస్టరు చేయి పడ్డాక, కోటుకు చిరుగు ఉండేదంటే సొంతదారు కూడా నమ్మేవాడు కాదు. అలాంటి మనిషి కుడికంట్లో క్యాన్సర్ కంతి బయటపడింది. కన్ను తీసేస్తే నిశ్చింత, ఉంచాలంటే రేడియేషన్ అన్నారు. ఉంచమని భార్య పట్టుబట్టింది. కిరణాలు చిమ్మే చిన్న బిళ్లను కంటి వెనక కుట్టి, నాలుగు రోజులుంచి తీశారు. "కంట్లోనూ కుట్లేనా, నాకు పోటీ వచ్చారే" అని నవ్వాడు మాస్టరు. కంతి ఎండిపోయింది. గండం గడిచిందనుకున్నారు.

ఏడాదిన్నరకు, చేతిలో ఉన్న ఉన్ని కోటు మీద చారలు వంకరగా కనిపించాయి. నేసినవాణ్ణి తిట్టుకుని భార్యకు చూపించాడు. తిన్నగానే ఉన్నాయందామె.

ఆసుపత్రిలో గళ్ల కాగితం ముందు పెట్టి ఎడమకన్ను మూసుకోమన్నారు.

"మధ్యలో పడుగు వంగిపోయిందమ్మా. నాలుగు పోగులు లేనే లేవు" అన్నాడు మాస్టరు, నిలువు గీతలు చూపిస్తూ.

డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసింది. కంతిని మాడ్చిన కిరణాలే రెటీనాలోని సన్నటి రక్తనాళాలనూ దెబ్బతీశాయనీ, అవి కారి చూపు నిలిచే చోట నీరు చేరిందనీ చెప్పింది. నెలనెలా కంట్లోకి ఇంజెక్షన్ ఇస్తే కారడం తగ్గవచ్చు, పోయిన చూపుకు మాత్రం హామీ లేదంది. ఈ ముప్పు సంగతి మొదట్లోనే చెప్పారు. ప్రాణభయంలో ఇద్దరి చెవికీ ఎక్కలేదు.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట" అన్నాడు మాస్టరు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మత్తు చుక్కలు వేసి, రెప్పలు మూతపడకుండా క్లిప్పు పెట్టి సూది దించేవారు. మూడు నెలలకు చారలు కాస్త తిన్నబడ్డాయి. భార్య ఇరుగుపొరుగుకు చెప్పుకుని మురిసింది. ఐదో నెలలో మళ్లీ వంగాయి. మందు మార్చారు. ఎనిమిదో నెలకు గళ్ల నడుమ బూడిదరంగు మచ్చే మిగిలింది.

ఎడమకన్ను బాగానే ఉంది. కానీ ఒంటికంటికి ఏ పోగు పైనుందో, ఏది కిందుందో అందదు. సూది గుడ్డను వదిలి వేలిలో దిగేది. పాత గిరాకీ హెడ్మాస్టరుగారు ఒకరోజు కోటు వెనక్కి తెచ్చి, మోచేతి దగ్గర ఉబ్బెత్తుగా ఉన్న కుట్టు చూపించారు. మళ్లీ చేసిస్తానన్నాడు మాస్టరు.

"పర్లేదు మాస్టారూ, ఇంట్లో వేసుకుంటాలెండి" అన్నారాయన. తిట్టినా అంత తగిలేది కాదు.

తొమ్మిదో సూదికి వెళ్లినప్పుడు, ఇక ఆపేసినా పెద్ద తేడా ఉండకపోవచ్చంది డాక్టరమ్మ.

"ఆపితే ఉన్నది కూడా పోతుందా?" అడిగింది భార్య.

"పోవచ్చమ్మా. వేసినా పోవచ్చు."

ఆలోచించుకోమని బయట బల్ల మీద కూర్చోబెట్టారు. అప్పుడే తీయించేసుంటే ఇన్ని సూదులు తప్పేవి, ఉంచమన్నది తానేనని భార్య గొణిగింది. నువ్వు ఉంచమనకపోతే నేనే అనేవాణ్ణి అన్నాడు మాస్టరు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. ఎవరినైనా తిట్టుకుందామన్నా మనిషి దొరకలేదు. డాక్టరమ్మ ప్రాణం నిలబెట్టింది, భార్య కన్ను నిలబెట్టమంది.

నర్సు వచ్చి ఏమనుకున్నారని అడిగింది.

"వేసేయండమ్మా. ఊరికే ఇంట్లో కూర్చోలేను" అని లేచాడు.

కట్టు కట్టించుకుని బయటికొచ్చాక, వచ్చే నెల చీటీ భార్య సంచిలో పెట్టుకుంది.