ఒకే పాసుపోర్టు

మా ఇద్దరికీ కలిపి ఒకే పాసుపోర్టు ఇచ్చారు. ఒక పక్క మా ఆయన ఫోటో, దాని పక్కన నాది. హోసూరు స్టూడియోలో తీయించిన ఆ ఫోటోలో ఆయన ఊరంతా కొనేసినవాడిలా కూర్చున్నాడు, నేను ఎవరినో తిట్టబోతున్నట్టు ఉన్నాను. కెలమంగలం పోస్టుమాస్టరు దాన్ని చదివి చెబుతూ ఒక సంగతి బయటపెట్టాడు. ఈ పుస్తకంతో కేశవప్ప ఒక్కడే అయినా సిలోన్ పోవచ్చుగానీ, నేను ఒక్కదాన్నే పోవడానికి లేదట. ఆయన పక్కన ఉంటేనే నన్ను ఓడ ఎక్కనిస్తారు. ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. మొగుడు లేకుండా సంతకే పోనిదాన్ని, సముద్రం దాటి ఒంటరిగా ఎందుకు పోతాను?

నవ్వినందుకు తర్వాత బాగానే ఏడ్చాను.

సిలోన్‌లో మా అక్క ఉంది. సుబ్బక్క. పెళ్ళయిన ఏడాదే మొగుడి వెంట అక్కడి తేయాకు తోటలకు పోయింది. నేనప్పటికి పావడా కట్టుకుని తిరిగే పిల్లను. నాకు తల దువ్వి జడ వేసింది అమ్మ కాదు, అక్కే. పోయింది పోయినట్టే, మళ్ళీ రాలేదు. రాలేక కాదు, వస్తే తిరిగి తోటలోకి రానిస్తారన్న నమ్మకం లేక. వాళ్ళకు ఈ దేశం కాగితాలూ లేవు, ఆ దేశం కాగితాలూ లేవు. చూడాలంటే మేమే పోవాలి.

పందొమ్మిదివందల అరవైలో, అదే తోటల్లో మేస్త్రీగా చేసిన గుర్రప్ప పని చాలించుకుని తన ఊరు అత్తిముగం వచ్చేశాడు. అక్క మాట మోసుకొచ్చింది ఆయనే. ఒక్క నెల రమ్మంది, పనికి కాదు, ఊరికే చూడ్డానికి. అక్కా నేనూ బస్సుల్లో తిరగాలట. ఇటుకతో కొండంత ఎత్తున కట్టిన గుండ్రని గుళ్ళు, ఎప్పటి రాజులో తవ్వించిన చెరువులు, బండలో చెక్కిన పడుకున్న బుద్ధుడు, అన్నీ చూపిస్తుందట. ఆ బుద్ధుడి పాదం పక్కన నిలబడితే ఎంత పెద్దవాళ్ళయినా చంటిపిల్లల్లా కనిపిస్తారట. అన్నీ అయ్యాక సముద్రపు ఒడ్డున కొబ్బరిచెట్ల కింద కూర్చుని అన్నం తినాలట. అక్క ఇదంతా ఎన్నాళ్ళు ఆలోచించి పెట్టుకుందో గుర్రప్ప చెబుతుంటేనే తెలిసింది.

వినగానే పోదామన్నది మా ఆయనే. అందులో అబద్ధం లేదు. నేను నోరు తెరిచేలోపలే గుర్రప్పతో మాటిచ్చేశాడు. మర్నాటికి బస్సు ఆగే చోట, కాఫీ హోటల్లో, పట్టుగూళ్ళ సంతలో ఆయనకు అదే మాట. అప్పటికి హోసూరు, మహా అయితే కృష్ణగిరి వరకు పోయొచ్చిన మనిషి, సేలం నుంచి తిరుచ్చికి ఏ రైలు, తిరుచ్చి నుంచి ధనుష్కోటికి ఏ రైలు, అక్కడ ఓడ ఏ వేళకని పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పేవాడు. ఊరు ఆయనకు సిలోన్ కేశవప్ప అని పేరు పెట్టింది. పేరు వచ్చిన ఏడాదికి పాసుపోర్టు వచ్చింది.

ఆ ఏడాదంతా నా గుండె గుప్పిట్లోనే ఉంది. పాసుపోర్టు అర్జీ సేలం ఆఫీసుకు పోయి ఎక్కడో చిక్కుకుంటుందని ఒక భయం. పట్టుపురుగులు జబ్బుపడి గూళ్ళు చెడితే దారిఖర్చు ఉండదని ఇంకో భయం. కృష్ణగిరి ఆస్పత్రిలో అమ్మవారు రాకుండా వేసే టీకా వేయించుకోవాలన్నారు, అది లేకుంటే ఓడకు ముందు తనిఖీ చేసే మండపం క్యాంపులోనే ఆపేస్తారట. రాయకోట దారిలో బస్సు తిరిగిన ప్రతి మలుపుకీ కక్కుకుంటూ పోయాను, ఇద్దరం వేయించుకొచ్చాం. జబ్బ వాచింది, జ్వరం వచ్చింది, దిగింది, సర్టిఫికెట్టు చేతికొచ్చింది. ఒక్కో గండం దాటేకొద్దీ తేలికవ్వాల్సింది పోయి నాకు ఇంకా బరువయ్యేది. పోగొట్టుకోవడానికి చేతిలో ఏమీ లేనప్పుడే నయం.

ఆఖరికి అన్నీ కుదిరాయి. గూళ్ళు అమ్ముడయ్యాయి. పురుగులు గూళ్ళు అల్లే వెదురు చంద్రికలు కడిగి ఎండబెట్టాం. కొత్త పురుగు ఇంకా తేలేదు. ఆవును మా అత్త చూసుకుంటానంది. సిలోన్ వాళ్ళు రానిచ్చే గడువు ఆ నెల మాత్రమే. అది దాటితే మళ్ళీ మొదటి నుంచి అన్నీ రాయించుకోవాలి. ఇంకో ఏడాది, ఇంకా ఎన్నాళ్ళో.

ప్రయాణం పది రోజులుందనగా గుర్రప్ప వచ్చి ఓడ సంగతులు చెప్పాడు. అలలకు ఎలా ఊగుతుందో చేతులూపి చూపించాడు. మా ఆయన ఎప్పటిలా ఆ చేతుల్ని ఇంకా పెద్దగా ఊపుతాడనుకున్నాను. ఊపలేదు. ఓడ కింద నీళ్ళు ఎంత లోతుంటాయప్పా అని మెల్లగా అడిగాడు. ఎవరు కొలిచినారప్పా అని గుర్రప్ప నవ్వాడు. ఆ పూట ఆయన ముద్ద సగం వదిలేశాడు. మా తోట బావిలో కూడా ఆయన మెట్లు దిగడు, బొక్కెన పడితే వేరేవాళ్ళను పిలుస్తాడు. అది నాకు తెలియంది కాదు. బావికీ సిలోన్‌కూ ముడిపెట్టి చూసే తెలివి మాత్రం అప్పుడు లేకపోయింది.

నాలుగు రోజులకు ఆయన తెల్లారి లేవలేదు. దుప్పటి తీస్తే రొమ్ము మీద, భుజాల మీద, పొట్ట మీద బొబ్బలు.

మా అత్త పాపక్క వచ్చి చూసింది. అమ్మవారు పోసిన ఇల్లు ఏదైనా ముందు పిలిచేది ఆమెనే. ఏ పొక్కు ఏ తల్లిదో, ఎన్ని నీళ్ళు పోయాలో ఆమె చెప్పినదే మాట. ఆ రోజు మాత్రం ఏమీ చెప్పలేదు. కొడుకు ముఖం చూసింది, బయటికి పోయి వేపమండలు విరుచుకొచ్చి గడపకు కట్టింది.

అంతే, అయిపోయింది. అమ్మ ఉన్న ఇంటి నుంచి ఎవరూ పొలిమేర దాటరు. పైవాళ్ళు రారు. తాలింపు లేదు, తలకు నూనె లేదు, చుట్టూ ఎక్కడా నూనె వాసనే తగలకూడదు. రోజులు విడిచి తలకు పోసే మూడు నీళ్ళు పడేదాకా ఇంతే. మూడు నీళ్ళు పడేలోపల మా గడువు గంగలో కలుస్తుంది. వీధిలో ఆడవాళ్ళు దూరం నుంచే, సూది వేయించుకున్నందుకు తల్లికి కోపం వచ్చిందన్నారు. నేను కట్టిన మూట విప్పలేదు. మూలన అది అలాగే ఉంది.

రెండో రోజు వేపాకుతో ఆయనకు విసురుతూ కూర్చున్నాను. దేవుడికి మొక్కుకుంటూనే బొబ్బల్ని చూస్తున్నాను. ముఖం మీద ఒక్కటి లేదు. తలలో లేదు. పక్కకు తిరిగి పడుకోమని వీపు చూశాను, వీపు నున్నగా ఉంది. ఆయన చెయ్యి అందే చోటే అమ్మ పోసింది. కుడిచేతి చూపుడువేలి గోరు కింద నల్లటి మరక కనిపించింది.

లేచి అటక మీద చూశాను. మా మామ కాలం నుంచీ గొర్రెల కాళ్ళ వాపుకు వాడే నల్లజీడి గింజలు అక్కడొక చిప్పలో ఉంటాయి. గింజను దీపానికి కాల్చి ఆ నూనె తాకిస్తే చర్మం పొక్కిపోతుంది. చిప్పలో ఒక గింజ కాలి ఉంది. తెచ్చి ఆయన ముందు పెట్టాను.

ఆయన దాన్ని చూసి కళ్ళు మూసుకున్నాడు. నేను కేకలు వేయలేదు, వేస్తే అత్తకు వినిపిస్తుంది. కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"కండ్లు మూస్తే కింద నీళ్ళే కనిపిస్తావుండాయి నాగా. ఊరందరికీ చెప్పేసినా. ఇప్పుడు బయమని ఎట్ల చెప్పేది?"

"నాకి చెప్పుండొచ్చు కదా."

"నీకే చెప్పలేకపోయినా. మీ అక్క పేరెత్తితే నీ ముఖం ఎట్ల అయితాదో నేను చూస్తావుండా కదా."

నాకు జాలి వేయలేదు. కోపమే వచ్చింది.

"మా అక్క ముఖం నాకి గుర్తులేదు. తల దువ్వే చెయ్యి గుర్తుండాది, అంతే. ఆ చెయ్యి కూడా మరిచిపోయేదాకా ఈడనే పండుకోని ఉండు."

ఆయన ఏడ్చాడు. అప్పటికి సముద్రం కంటే అమ్మవారి భయమే ఎక్కువైపోయింది ఆయనకు. లేని తల్లిని వచ్చిందని నాటకమాడాను, నిజంగా వస్తే ఏం గతి అన్నాడు. అత్తకు చెప్పెయ్యి అన్నాను. చస్తే చెప్పలేనన్నాడు. నేను చెబుతానంటే చేతులు పట్టుకున్నాడు. అత్త రెండు పూటలుగా పస్తు ఉంది, కొడుకు అమ్మవారితో ఆటలాడాడని తెలిస్తే ఆమె ఇక ఏ ఇంటి గడప తొక్కుతుంది? చెబితే ఆమె పరువు పోతుంది, చెప్పకపోతే నా అక్క పోతుంది. వంటింట్లో కూర్చుని ఆ సాయంత్రమంతా ఇదే లెక్క తిప్పితిప్పి వేసుకున్నాను, ఎటు చూసినా తేలలేదు.

పొద్దు గూకే వేళకు అత్త గడపలో పసుపునీళ్ళ చెంబు పట్టుకుని నిలబడింది. వీధి వీధంతా వినేటట్టు గొంతెత్తింది. ఎప్పుడూ అంత గట్టిగా మొక్కే మనిషి కాదు.

"తల్లీ, నా బిడ్డ మీద నుంచి దిగిపో. వాడు ఈ వారంలోనే ధనుష్కోటి పోయి, సముద్రంలో మూడు మునకలు మునిగి నీ పేరు చెప్తాడు. వాని కోసరం నేను మాట ఇస్తావుండా."

ఎదురింటి అంజనమ్మ అక్కడి నుంచే దండం పెట్టింది. లోపల మా ఆయన లేచి కూర్చున్నాడు. వీధంతా విన్న మొక్కు అది. ఇక తప్పించుకోవడానికి దారే లేదు.

మర్నాడు నేను నీళ్ళు కాచి, పిలుద్దామని పోతే గది తలుపు ఓరగా వేసి ఉంది. సందులోంచి కొబ్బరినూనె వాసన వచ్చింది. అమ్మ ఉన్న ఇంట్లో నూనె. అత్త కొడుకును ముందు కూర్చోబెట్టుకుని ఒక్కో బొబ్బకు కొబ్బరినూనె రాస్తోంది. అమ్మవారికి పనికిరాని నూనె, నల్లజీడి పొక్కుకు మాత్రం అదే మందు. గొర్రెలు మేపిన ఇంట్లో ఇది తెలియనివాళ్ళుండరు. ఆయన తల వంచుకుని ఉన్నాడు, ఆమె రాస్తూ ఉంది.

తర్వాత ఆయన్ను పెరట్లో పీట మీద కూర్చోబెట్టి వేపాకూ పసుపూ కలిపిన నీళ్ళు నెత్తిన పోసింది. మొదటి చెంబుకే ఆయన ఊపిరి బిగబట్టి ఆమె మోకాలు పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చింది. నీళ్ళు మాత్రం ఆపలేదు. అంజనమ్మ గోడ అవతల నుంచి మూడు నీళ్ళు పోయాల్సింది కదక్కా అని అడిగితే, ఇది ఊరికే బెదిరించిపోయిన అమ్మ, ఒక్క నీళ్ళే చాలు అని చెప్పింది. పాపక్క చెప్పాక వీధిలో ఇంకెవరూ అడగరు.

గడపకు కట్టిన వేపమండలు ఆమె విప్పుతుంటే నేను పోయి పక్కన నిలబడ్డాను. ఎప్పటి నుంచి తెలుసత్తా అన్నాను.

"చూసిన గడియే తెలిసింది. అయినా ఆకు కట్టినా. కొడుకు పోడు కదా అని నాకీ మొదట సంతోషమే అయ్యింది. ఆమీట నీ ముఖం చూసినా."

మండలు నేల మీద వేసి అరచేతులు దులుపుకుంది.

"మీ మామకీ ఇట్లనే. మా అక్క అంచెట్టి అడివి పల్లెలో ఉండె. నేను బండి కట్టమన్నప్పుడంతా ఆయనకి జొరం, లేకుంటే కాలు వాపు. ఆ జీడి వాసన నాకి అప్పట్నించీ తెలుసు."

"మరి నువ్వు పోయినావా అత్తా?"

"పోయినా. మట్టి వేసినాంక పోయినా."

అత్త మండలు ఏరుకుని పెరట్లోకి పోయింది. నేను అక్కడే గడప పట్టుకుని నిలబడిపోయాను. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె చేతి అన్నం తింటున్నాను, ఆమెకొక అక్క ఉండేదని నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

ప్రయాణం రోజు బస్సు దగ్గర సగం కెలమంగలం ఉంది. సిలోన్ కేశవప్పా, మొక్కు మరిచిపోవద్దప్పా అని ఒకరి తర్వాత ఒకరు చెబుతుంటే ఆయన తలూపుతున్నాడు. చొక్కా కింద బొబ్బలు ఇంకా మానలేదు, గుడ్డ తగిలితే ముఖం చిట్లిస్తున్నాడు. అత్త కిటికీ దగ్గరకు వచ్చింది. పసుపు గుడ్డలో చుట్టిన చిన్న మూట నా ఒళ్ళో పడేసింది. విప్పితే కొయ్య దువ్వెన, పాతది, పళ్ళు రెండు విరిగినవి. తన అక్కదని చెప్పింది.

"మీ అక్కకి ఇయ్యి. దానితో నీ తల దువ్వమని చెప్పు."

బస్సు కదిలింది. రాయకోట దారిలో మొదటి మలుపు రాగానే నాకు కడుపులో తిప్పింది. ఆయనకు ఇంకా సముద్రం కనిపించకముందే చెమటలు పట్టాయి. ఒక చేత్తో దువ్వెన పట్టుకున్నాను. రెండో చేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నాను, ఓడ ఎక్కేదాకా వదలలేదు.